జాబితాకెక్కని జీవనోపాధి

నైజీరియా చమురు గ్రామాలలో ఉప్పుటేళ్ళను, కర్రపెండలం చేలను నమ్ముకొని బ్రతికే స్త్రీలు దశాబ్దాలుగా కోరుతున్నది ఒక్కటే: తమ నష్టాన్ని కూడా లెక్కలో చేర్చమని.

పశ్చిమ ఆఫ్రికాలో నైజర్ నది సముద్రంలో కలిసేముందు లెక్కలేనన్ని పాయలుగా చీలిపోతుంది. ఆ పాయల నడుమ, ఉప్పుటేళ్ళ నడుమ, సుమారు 70,000 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించిన ప్రాంతమే నైజర్ డెల్టా. ఆఫ్రికా ఖండంలోకెల్లా విశాలమైన మడ అడవులు ఇక్కడ ఉన్నవి. ఇజా, ఓగోని, ఇత్సెకిరి, ఉర్హోబో మొదలైన అనేక జాతుల ప్రజలు తరతరాలుగా ఈ నేలను దున్నుకుంటూ, ఈ నీటిలో చేపలు పట్టుకుంటూ జీవిస్తున్నారు.

1956లో ఈ డెల్టాలోని ఓలోయిబిరి అనే పల్లె దగ్గర షెల్-బీపీ సంస్థ త్రవ్విన బావిలో వ్యాపారానికి సరిపడినంత ముడిచమురు పడింది. 1958లో మొదటి ఓడ ఆ చమురును నింపుకొని విదేశానికి బయలుదేరింది. 1971లో నైజీరియా ఓపెక్ కూటమిలో సభ్యదేశమయింది. ఆ దేశానికి విదేశమారక ద్రవ్యం తెచ్చిపెట్టే సరుకులలో నాటినుండి చమురుదే అగ్రస్థానం.

చమురు పరిశ్రమకు లెక్కలు చాలా ముఖ్యం. ఎన్ని పీపాల చమురు పైకి వచ్చింది, ఎన్ని కిలోమీటర్ల గొట్టాలు వేశారు, ఎంత భూమిని తీసుకున్నారు, ఎవరికి ఎంత పరిహారం చెల్లించారు అన్నవన్నీ పుస్తకాలలో నమోదవుతాయి. అయితే ఆ పుస్తకాలలో చోటు దొరకని జీవనోపాధి ఒకటి ఉన్నది. అది ఆ గ్రామాలలోని స్త్రీలది. వారి పని పెద్దదే, వారి సంపాదనతో బ్రతికే నోళ్ళూ ఎక్కువే. కాని ఆ పనికి పట్టా లేదు, రసీదు లేదు. నష్టం వచ్చినప్పుడు ఈ లోపమే వారి పాలిట శాపమయింది.

పాటు వేళ పని

డెల్టా గ్రామాలలో స్త్రీల దినచర్యను నిర్ణయించేది గడియారం కాదు, సముద్రపు ఆటుపోట్లు. పాటు తీసి, ఉప్పుటేటి గట్టున బురద బయటపడగానే ఆడవారు బుట్టలు తీసుకొని మడచెట్ల వేళ్ళ మధ్యకు దిగుతారు. అక్కడ పెరివింకిల్ అనే కోనదేలిన చిన్న నత్తలు, ఆలిచిప్పలు, పీతలు దొరుకుతాయి. ఈ పనికి పెట్టుబడి అక్కరలేదు, ఒకరి అనుమతి అక్కరలేదు. మోకాటిలోతు బురదలో నిలువగల ఓపిక, చేతివాటం ఉంటే చాలును. ఏరిన నత్తలలో కొన్ని ఇంటి కూరకు పోను, మిగిలినవి సంతకు చేరుతాయి.

మగవారు పట్టి తెచ్చిన చేపల మీద కూడా సగం పని స్త్రీలదే. వేడి దేశంలో చేప ఒక్క పూటకు మించి నిలువదు. దానిని మడకట్టెల పొగమీద ఎండగట్టి, బుట్టలకెత్తి, దోనెలమీదనో మోటారు బండ్లమీదనో పట్టణపు సంతకు చేర్చి అమ్మేవారు ఆడవారు.

మెట్ట భూములలో కర్రపెండలం ప్రధానమైన పంట. మన గోదావరి జిల్లాలలో సగ్గుబియ్యం తయారుచేసేది ఈ దుంపతోనే. నైజీరియాలో దానితో 'గారీ' అనే రవ్వ చేస్తారు. దుంపల తొక్క తీసి, తురిమి, ఆ తురుమును సంచులలో మూటకట్టి, బరువు పెట్టి రెండు మూడు రోజులు పులియనిస్తారు. దుంపలో సహజంగా ఉండే విషపదార్థం చాలావరకు ఆ రసంతోపాటు కారిపోతుంది. పిమ్మట జల్లించి, పెద్ద మూకుళ్ళలో దోరగా వేయిస్తారు. నాటు వేయడం మొదలు సంతలో కొలిచి అమ్మడం వరకు ఈ పనులలో అధికభాగం స్త్రీలదే.

ఇక్కడ మన పాఠకులు గమనింపదగిన విశేషం ఒకటున్నది. పశ్చిమ ఆఫ్రికాలోని అనేక సమాజాలలో భార్యాభర్తల సంపాదన ఒకే సంచిలో పడదు. భూమి సాధారణంగా పురుషుల వంశానికి చెందుతుంది; స్త్రీకి పెళ్ళితో లభించేది సాగుచేసుకొనే అవకాశం మాత్రమే. కాని ఆమె వేయించిన గారీ, ఆమె ఏరిన నత్తలు, ఆమె కాల్చిన చేపలు అమ్మగా వచ్చిన సొమ్ము ఆమెది. పిల్లల చదువు, మందులు, ఉప్పు, సబ్బు వంటి ఖర్చులు చాలావరకు ఆ సొమ్ములోనుండే వెళ్ళాలి. సంతలో స్త్రీలు 'ఇసుసు' అనే పద్ధతిలో చీటీలు వేసుకుంటారు. నెలనెలా అందరూ కొంత వేసి, వంతు వచ్చినవారు మొత్తం తీసుకొనే ఈ ఏర్పాటు మన పల్లెలలోని చీటీపాటలకు దగ్గరి చుట్టమే. చేపలు, నత్తలు దొరుకుతున్నంతకాలం చీటీ నడుస్తుంది. సరుకు ఆగిపోతే చీటీ ఆగిపోతుంది. దానితో అప్పు పుట్టే దారి కూడా మూసుకుపోతుంది.

అందుచేత డెల్టా స్త్రీ సంపాదనను 'వేన్నీళ్ళకు చన్నీళ్ళు' అనుకోవడం పొరపాటు. ఆ ఇంటి పొయ్యి ముఖ్యంగా దానిమీదనే వెలుగుతుంది.

బురదలో దాగిన చమురు

చమురు ఈ బ్రతుకును ఒక్కసారిగా కాక అంచెలంచెలుగా దెబ్బతీస్తుంది. మొదట గొట్టాలు వేయడానికి దారి కావాలి. ఆ దారిలో ఉన్న చేలను చదును చేస్తారు, మడచెట్లను నరుకుతారు. పడవలు, యంత్రాలు పోవడానికి కాలువలు త్రవ్వినచోట ఉప్పునీరు మంచినీటి మడుగులలోకి చొరబడుతుంది. ఆ తరువాత గొట్టం ఎక్కడో చిల్లిపడుతుంది. తుప్పు వలన కావచ్చును, పాతబడడం వలన కావచ్చును, చమురు దొంగలు రంధ్రం చేయడం వలన కావచ్చును.

మడచెట్టు వేళ్ళు బురదపైకి వచ్చి గాలి పీల్చుకుంటాయి. వాటిపై ఉండే సూక్ష్మరంధ్రాలను చమురు పొర మూసివేస్తే చెట్టు ఊపిరాడక చనిపోతుంది. వేళ్ళను పట్టుకొని బ్రతికే నత్తలు, ఆలిచిప్పలు దానితోపాటే పోతాయి. వేళ్ళ నీడలో గ్రుడ్లుపెట్టి పెరిగే చేపపిల్లలకు చోటుండదు. పైకి నీరు తేటగా కనిపించినప్పటికీ చమురు బురదలోకి ఇంకి, ప్రతి పోటుకూ కొంచెం కొంచెంగా తిరిగి పైకి తేలుతుంది.

అప్పుడు మగవారికి ఒక దారి మిగులుతుంది. పెద్ద పడవ, ఇంజను సంపాదించగలిగినవారు ఇంకా దూరం, బయటి సముద్రానికి పోతారు. స్త్రీ చేసే పని ఇంటికి నడకదూరంలో, పసిబిడ్డను చూసుకుంటూ, పాటుకూ పోటుకూ మధ్య చేసుకొనేది. దానిని పది మైళ్ళ అవతలకు మార్చుకోవడం ఆమెకు సాధ్యం కాదు. చేపలు పట్టే గ్రామాలలోనే స్త్రీలు పట్టణానికి పోయి, విదేశాలనుండి మంచుపెట్టెలలో వచ్చిన చేపలను కొనితెచ్చి అమ్ముకోవలసిన దుస్థితి ఇలా ఏర్పడింది. లాభం సన్నగిల్లింది, పెట్టుబడికి అప్పు పెరిగింది.

బోడో చెప్పిన పాఠం

ఈ క్రమమంతా స్పష్టంగా కనిపించిన స్థలం ఓగోని ప్రాంతంలోని బోడో. ఆ ఊరి ఉప్పుటేళ్ళ మీదుగా ట్రాన్స్-నైజర్ గొట్టపుమార్గం పోతుంది. 2008 ఆగస్టు చివర ఆ గొట్టం చిల్లిపడి కారడం మొదలయింది. నవంబరు దాకా ఆగలేదు. అదే సంవత్సరం డిసెంబరులో రెండవసారి పగిలింది. 2009 ఫిబ్రవరిలోగాని మూయలేదు. రెండు సందర్భాలలోనూ తమ పరికరాల లోపమే కారణమని షెల్ సంస్థ నైజీరియా విభాగం అంగీకరించింది.

ఎంత చమురు కారింది అన్న ప్రశ్న దగ్గర లెక్కల విచిత్రం బయటపడింది. మొదటి ప్రమాదంలో కారినది 1,640 పీపాలని సంస్థ పక్షాన నమోదయింది. స్వతంత్ర నిపుణుల అంచనాను ఆధారం చేసుకొని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ అది లక్ష పీపాలకు పైమాటేనని వాదించింది. చివరకు 2014లో, లండన్ కోర్టు వ్యవహారంలో, తమ మొదటి అంకె తక్కువదేనని సంస్థ ఒప్పుకోవలసివచ్చింది. ఒకే గొట్టంనుండి వచ్చిన చమురు లెక్కే ఇంత తేడాగా ఉన్నప్పుడు, బురదలో నత్తలేరుకొనే స్త్రీ నష్టాన్ని ఎవరు లెక్కగట్టగలరు?

తొలిదశలో ఊరికి ఇవ్వజూపినది కొన్ని బస్తాల బియ్యం, చిక్కుడు గింజలు, పంచదార, వేరుశనగ నూనె. గ్రామస్థులు లండన్‌లో దావా వేశారు. 2015 జనవరిలో సంస్థ 5.5 కోట్ల పౌండ్లకు రాజీకి వచ్చింది. అందులో 3.5 కోట్లు 15,600 మంది వ్యక్తులకు, అనగా తలకు సుమారు 2,200 పౌండ్లు. మిగిలిన 2 కోట్లు ఊరుమ్మడికి. డబ్బు ఊరిపెద్దల గుండా కాక ఒక్కొక్క వ్యక్తి పేరున రావడం ఈ రాజీలోని విశేషం. డెల్టాలో ఇది మామూలుగా జరిగే పని కాదు.

అంతకు నాలుగేళ్ళకు మునుపే, 2011లో, ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం ఓగోని ప్రాంతంపై నివేదిక ప్రకటించింది. రెండు వందలకు పైగా స్థలాలను పరీక్షించి తయారుచేసిన ఆ నివేదిక, నేలను నీటిని పూర్తిగా బాగుచేయడానికి 25 నుండి 30 సంవత్సరాలు పట్టవచ్చునని తేల్చింది. నిసిసియోకెన్ ఒగాలె అనే ఊరి బావులలో, క్యాన్సర్ కలిగించే బెంజీన్ ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్దేశించిన పరిమితికి 900 రెట్లకు మించి ఉన్నట్లు కనుగొన్నారు. ఇంటికి నీళ్ళు మోసేది స్త్రీలు, బాలికలు. దగ్గరి బావి పనికిరానప్పుడు వారు నడిచే దూరం పెరుగుతుంది, లేదా కొనే నీటి ఖర్చు పెరుగుతుంది. రెంటిలో ఏదైనా సంతకు పోయే పూటలోనుండి, సంత సొమ్ములోనుండి కోసుకోవలసిందే.

మంట ప్రక్కన వంట

చమురుతోపాటు భూమిలోనుండి వచ్చే సహజవాయువును పట్టి వాడుకొనే ఏర్పాట్లు లేనిచోట దానిని అక్కడికక్కడే మండించివేస్తారు. డెల్టాలో ఈ మంటలు రాత్రింబవళ్ళు, కొన్నిచోట్ల దశాబ్దాల తరబడి వెలిగాయి. మసి ఇండ్ల రేకుల మీద, ఆకుకూరల మీద, వాననీటి తొట్లలో పేరుకొంటుంది. మంట సమీపంలోని చేలలో దిగుబడి తగ్గిందన్నది రైతుస్త్రీల నిత్య ఫిర్యాదు.

ఇక్కడ ఒక విపరీత దృశ్యం పత్రికల ఛాయాచిత్రాలలో లోకానికి పరిచయమయింది. ఉర్హోబో గ్రామాలలో కొందరు స్త్రీలు కర్రపెండలంతో చేసిన పదార్థాన్ని ఆ మంట చుట్టూ చాపలమీద పరచి ఎండబెట్టుకుంటారు. ఎండలో రోజులు పట్టే పని అక్కడ గంటలలో ముగుస్తుంది. కట్టెలు కొనే ఖర్చు లేదు. మంట వలన ఉపయోగం కూడా ఉన్నదని దీనిని చూపి వాదించేవారున్నారు. కాని ఆ స్త్రీలు ఎండబెట్టేది ఏ మంట పొగలోనో, ఆ పొగనే పీలుస్తారు. చేను ఇచ్చే ఫలం తగ్గినప్పుడు మిగిలినదానిని త్వరగా అమ్ముకోవలసిన అవసరమే వారిని అక్కడికి నెట్టుతున్నది.

డెల్టా రాష్ట్రంలోని ఇవెరెకాన్ గ్రామస్థుల పక్షాన ఒక పౌరుడు వేసిన దావాలో, 2005 నవంబరు 14న బెనిన్ నగరంలోని ఫెడరల్ హైకోర్టు చారిత్రాత్మకమైన తీర్పు చెప్పింది. వాయువును ఇలా మండించడం ప్రజల జీవనహక్కుకు, మానవ గౌరవానికి భంగకరమని, దానిని నిలిపివేయాలని ఆదేశించింది. తీర్పు ఘనంగా ఉన్నది. దాని అమలు మాత్రం అంత ఘనంగా జరగలేదు. తగ్గుముఖం పట్టినప్పటికీ మంటలు నైజీరియాలో నేటికీ ఆరిపోలేదు.

పరిహారం ఎవరి చేతికి?

నైజీరియా చట్టాల తీరును గమనిస్తే స్త్రీలు జాబితాలనుండి ఎలా జారిపోయారో తెలుస్తుంది. 1969 నాటి పెట్రోలియం చట్టం భూగర్భంలోని చమురంతా ప్రభుత్వానిదే అన్నది. 1978 నాటి భూవినియోగ చట్టం ప్రతి రాష్ట్రంలోని భూమిని ఆ రాష్ట్ర గవర్నరు అధీనంలో ఉంచింది. కనుక చమురు కోసం నేల తీసుకున్నప్పుడు నేలకు గాక, దానిమీదనున్న కట్టడాలకు, చెట్లకు, పైరుకు మాత్రమే పరిహారం లభిస్తుంది.

పైరు వేసినది స్త్రీ అయినప్పటికీ, సంస్థ ప్రతినిధి ఊరికి వచ్చి మాట్లాడేది కుటుంబ యజమానితో, వంశపెద్దతో, గ్రామాధికారితో. సంతకం వారిది, చెక్కు వారిది. మడ అడవికైతే యజమాని పేరే లేదు, అది అందరిదీ. అందరిదీ అయిన చోట ఏరుకొన్న నత్తలకు రసీదు ఎక్కడిది? సంతలో చేపలమ్మే స్త్రీకి చేను లేదు, పడవ లేదు. చేపలు లేనందున ఆమె దుకాణం మూతపడితే, ఆ నష్టం ఏ పద్దు క్రిందికీ రాదు.

ఉద్యోగాల విషయంలోనూ ఇదే తీరు. చమురు స్థావరాలలో గ్రామస్థులకు దొరికే కొద్ది కొలువులు కాపలా, పడవ నడపడం, మోత, వెల్డింగు వంటివి. అవి మగవారికే పోతాయి. భార్యాభర్తలకు వేర్వేరు సంచులున్న సమాజంలో, భర్తకు దొరికిన జీతం భార్య పోగొట్టుకొన్న సంపాదనకు బదులు కాజాలదు.

చమురు దొంగతనం ఈ చిక్కును మరింత పెంచింది. గొట్టాలకు రంధ్రాలు చేసి, అడవిలో డ్రమ్ములలో చమురు కాచే దొంగబట్టీలు అనేకం వెలిశాయి. వాటివలన జరుగుతున్న కాలుష్యం స్వల్పమైనది కాదని 2011 నివేదిక కూడా స్పష్టంగా చెప్పింది. విద్రోహచర్య వలన చమురు కారితే సంస్థ పరిహారం ఇవ్వనక్కరలేదని నిబంధన. కారణం తుప్పా, దొంగా అన్న వాదం ప్రతి ప్రమాదం తరువాతా నడుస్తుంది. ఆ వాదం ఎటు తేలినా, నత్తలేరుకొనే స్త్రీకి మిగిలే బురద మాత్రం ఒకటే.

సంతనుండి స్థావరానికి

తమ గోడు వినే ద్వారం లేనప్పుడు స్త్రీలు గుంపుగా బయలుదేరి వెళ్ళి అధికారి వాకిట కూర్చోవడం ఈ ప్రాంతంలో పాత సంప్రదాయం. 1929లో, బ్రిటిష్ పాలనలో, ఆడవారిపై కూడా పన్ను వేయబోతున్నారన్న వార్త ప్రాకగా, ఆగ్నేయ నైజీరియాలో వేలాది మంది సంత స్త్రీలు తిరగబడ్డారు. 'ఆబా స్త్రీల యుద్ధం'గా పేరుపొందిన ఆ ఆందోళనలో సైనికుల తుపాకులకు యాభై మందికి పైగా స్త్రీలు బలి అయ్యారు.

చమురు యుగంలో అదే సంప్రదాయం క్రొత్త రూపం ధరించింది. 1984లో ఒఘరెఫె గ్రామ స్త్రీలు ఒక చమురు సంస్థ స్థావరాన్ని చుట్టుముట్టి, తీసుకొన్న భూములకు సొమ్ము, నీరు, విద్యుత్తు కోరారు. 1986లో వారీ నగరం సమీపాన ఎక్పాన్ స్త్రీలు వేలసంఖ్యలో కదలి, ప్రభుత్వ చమురుశుద్ధి కర్మాగారం దారులు మూసివేశారు.

వీటన్నిటిలో లోకం దృష్టిని ఆకర్షించినది 2002 జూలైలో జరిగిన ఘటన. ఎస్క్రావోస్ నది ముఖద్వారాన షెవ్రాన్ టెక్సాకో సంస్థకు పెద్ద చమురు ఎగుమతి స్థావరం ఉన్నది. లోపల విద్యుద్దీపాలు, విమానాల దారి, భోజనశాల, ఆసుపత్రి. ఆవల ఉగ్బొరోడో గ్రామంలో రేకుల ఇండ్లు, చీకటి. జూలై 8న ఆ గ్రామ పరిసరాలకు చెందిన సుమారు 150 మంది ఇత్సెకిరి స్త్రీలు పడవలో వచ్చి స్థావరంలోకి ప్రవేశించారు. తరువాతి రోజులలో వారి సంఖ్య కొన్ని వందలకు పెరిగింది. వారిలో బిడ్డలను వీపున కట్టుకొన్న తల్లులున్నారు, కర్ర ఊతగా నడిచే ముదుసళ్ళున్నారు. విమానాల దారి, హెలికాప్టరు దిగే చోటు, పడవల రేవు మూడింటినీ వారు అడ్డగించారు. సుమారు 700 మంది ఉద్యోగులు లోపల చిక్కుకుపోయారు. చమురు ఎగుమతి స్తంభించింది.

వారి చేతులలో ఆయుధం లేదు. బలవంతంగా తొలగించజూస్తే తాము వివస్త్రలమవుతామని హెచ్చరించారు. తల్లి వయస్సు స్త్రీ కోపంతో అలా నిలబడడం, చూచిన పురుషునికి మహాశాపమని అక్కడివారి విశ్వాసం. ఆ హెచ్చరిక పనిచేసింది. సాయుధ రక్షకులున్నప్పటికీ వారిపై చేయిపడలేదు.

పది రోజుల పిమ్మట సంస్థ ప్రతినిధులు స్త్రీలతో ఒప్పందానికి వచ్చారు. గ్రామస్థులలో కనీసం 25 మందికి ఉద్యోగాలు, పాఠశాల, విద్యుత్తు, మంచినీరు అందులో ఉన్నవి. వాటితోపాటు మరొక అంశం ఉన్నది. చేపల చెరువులు, కోళ్ళ పెంపకం ఏర్పాటుచేసుకోవడానికి సాయం చేస్తే, స్థావరంలోని భోజనశాలకు గ్రామ స్త్రీలే ఆ సరుకు అమ్ముతారన్నది దాని సారాంశం. దీనిలో వారి ఆలోచన అంతా ఇమిడి ఉన్నది. ఉప్పుటేరు ఇవ్వలేకపోయిన సరుకును మరొక విధంగా తయారుచేసి, తమ పాత వృత్తిని, తమ చేతి సొమ్మును నిలబెట్టుకోవాలని వారు కోరారు.

ఎస్క్రావోస్ వార్త వ్యాపించగానే ఇజా స్త్రీలు సమీపంలోని మరికొన్ని చమురు కేంద్రాలను ఆక్రమించారు. ఆగస్టులో వారీ నగరంలో స్త్రీలు రెండు పెద్ద సంస్థల కార్యాలయాలను ముట్టడించారు. అక్కడ మాత్రం పోలీసులు బలప్రయోగం చేశారు. ఒప్పందాలలోని మాటలు పూర్తిగా నెరవేరలేదన్న ఫిర్యాదు తరువాతి సంవత్సరాలలో పదేపదే వినవచ్చింది. అయినప్పటికీ ఆ పది రోజులు ఒక సంగతిని రుజువు చేశాయి. అంతవరకు గ్రామపెద్దలతో మాత్రమే మాట్లాడిన సంస్థ, మొదటిసారిగా నత్తలేరుకొనే, చేపలమ్మే స్త్రీల ఎదుట కూర్చొని కాగితం మీద సంతకం చేయవలసివచ్చింది.

శుద్ధి, చట్టం, చేతులు మారిన బావులు

ఓగోని ప్రాంతపు శుద్ధి కార్యక్రమాన్ని 2016 జూన్‌లో బోడోలోనే లాంఛనంగా ప్రారంభించారు. పని మందకొడిగా సాగుతున్నదన్న విమర్శలు తక్కువేమీ కాదు. అయితే బోడోలో చమురు కడిగిన బురదలో మడమొక్కలు తిరిగి నాటారు. ఈ పద్ధతికి ఒక విశేష ప్రయోజనం ఉన్నది. నారుమడి పెంచడం, బురదలో దిగి మొక్క నాటడం స్త్రీలకు తెలియని పనులు కావు. కూలి రూపంలో నేడు కొంత ఆదాయం, చెట్టు ఎదిగిన పిమ్మట నత్తల రూపంలో రేపటి ఆదాయం, రెండూ ఒకే పనిలో ఉన్నవి.

2021లో నైజీరియా క్రొత్త పెట్రోలియం పరిశ్రమ చట్టం తెచ్చింది. చమురు సంస్థలు తమ వార్షిక నిర్వహణ వ్యయంలో 3 శాతాన్ని స్థానిక ప్రజల అభివృద్ధి నిధికి చెల్లించాలని అది నిర్దేశించింది. గొట్టాలకు విద్రోహం జరిగితే ఆ మరమ్మతు ఖర్చును నిధిలోనుండి మినహాయించుకొనే వీలును కూడా అదే చట్టం కల్పించింది. దొంగతనంతో ఏ సంబంధమూ లేని స్త్రీ, ఎవరో చేసిన రంధ్రానికి తన వాటా పోగొట్టుకొనే ప్రమాదం ఇందులో ఉన్నది.

2025 మార్చిలో షెల్ సంస్థ డెల్టాలో భూభాగంపైనున్న తన వ్యాపారాన్ని రినైసాన్స్ అనే కూటమికి అమ్మివేసింది. బావులు చేతులు మారినవి; బురదలోని పాత చమురు బాధ్యత ఎవరిదన్న ప్రశ్న మారలేదు. ఒగాలె, బిల్లె గ్రామాలవారు లండన్‌లో నడుపుతున్న దావాలో, కాలం చెల్లిందన్న ఒక్క సాకుతో పాత కాలుష్యాన్ని కొట్టివేయడానికి వీలులేదన్న ధోరణిలో 2025 జూన్‌లో హైకోర్టు అభిప్రాయపడడం గ్రామస్థులకు కొంత ఊరట కలిగించింది.

గోదావరి డెల్టాకూ ఈ ప్రశ్న

మన తీరంలోనూ కృష్ణా-గోదావరి బేసిన్ చమురు, సహజవాయువులకు పేరుపొందింది. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడి బావి బద్దలై, రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాసు గొట్టం పేలి 20 మందికి పైగా మరణించారు. రెండు దేశాల పరిస్థితులూ ఒక్కటి కావు. నైజర్ డెల్టా అనుభవించినంత కాలుష్యం గోదావరి డెల్టా ఎరుగదు. కాని అక్కడి ప్రశ్న ఇక్కడ కూడా వేసుకోదగినదే. కొబ్బరితోట కాలితే చెట్టుకింత అని తోట యజమానికి లెక్కగడతారు. ఆ తోట పీచుతో తాళ్ళు పేనుకొనే స్త్రీకి చెట్టు లేదు. సముద్రంలో వేట నిలిచిపోతే పడవ లెక్కన, వేటగాని లెక్కన పరిహారం మాట వస్తుంది. ఆ చేపలను ఎండబెట్టి, గంపనెత్తుకొని ఊరూరా అమ్మే స్త్రీ ఏ వరుసలో నిలబడాలి?

దీనికి సమాధానం అసాధ్యమైనదేమీ కాదు. గొట్టం వేయకముందే ఆ బురదలో ఎవరు ఏమి ఏరుకుంటున్నారో, ఏ ఋతువులో ఎంత దొరుకుతున్నదో, సంతలో ఎవరు దేనిని అమ్ముతున్నారో వారినే అడిగి వ్రాసిపెట్టుకోవచ్చును. పరిహారాన్ని ఇంటిపెద్ద పేరున గాక పనిచేసే వ్యక్తి పేరున ఇవ్వవచ్చునని బోడో రాజీ చూపింది. డబ్బుతోపాటు వృత్తిని నిలబెట్టే ఏర్పాటు ఎలా ఉండాలో ఉగ్బొరోడో స్త్రీలు తమ కోర్కెల పత్రంలోనే చెప్పారు. శుద్ధి పూర్తయిందో లేదో తేల్చడానికి ప్రయోగశాల పరీక్షలు ఎంతో అవసరం. వాటితోపాటు మరొక పరీక్ష కూడా ఉన్నది: పాటు వేళ ఉప్పుటేటికి దిగిన స్త్రీ, సంతకు పోదగినంత నత్తలతో బుట్ట నింపుకొని ఒడ్డుకు రాగలగాలి.